మాట చివర గుడి

మా కాలవ గట్టు మీద పన్నెండు మంది కర్రలతో నా మీద పడిన రోజున నేను ఇంగ్లీషు డిక్షనరీలో ‘ఎల్’ అక్షరం దగ్గర ఉన్నాను. పన్నెండు మంది అని చాలా పెళ్లి పందిళ్లలో చెప్పాను. విన్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు లేరు కాబట్టి లెక్క సర్దుకోవచ్చు. ముగ్గురు. అందులో ఇద్దరు నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. వాళ్ల చేతుల్లో కర్రలు లేవు, బురద ఉంది. మూడో మనిషి చేతిలో మాత్రం పార ఉంది. ఆ పార గురించి నేను ఎన్నడూ పెంచి చెప్పలేదు. దాన్ని పెంచాల్సిన అవసరం రాలేదు.

అరవైలు మొదలైన కాలం అది. నెల్లూరు కాలేజీలో బి.ఎస్సీ. ముగించి ఊరికి వచ్చి కూర్చున్నాను. మా ఊరు వెంకటాచలం నుంచి కృష్ణపట్నం వైపు పోతే, ఉప్పుగాలి మొహానికి తగిలే చోట, కాలవ చిట్టచివర ఉంటుంది. చివర ఉండడమంటే ఏమిటో కాలవ కింద సేద్యం చేసినవాళ్లకే తెలుస్తుంది. ఎగువ వాళ్లందరి మళ్లూ తడిశాక మిగిలిన నీళ్లు మాకు రావాలి. మా వంతు రోజున మా మనిషి ఒకడు తూము దగ్గర కర్ర పట్టుకుని నిలబడకపోతే ఆ మిగిలినవీ వచ్చేవి కావు. మా నాయన అట్లా నిలబడే భుజం ఎముక విరగ్గొట్టించుకున్నాడు. ఆ భుజంతోనే మంచం పట్టి పోయాడు. అప్పటికే అమ్మ లేదు. కర్ర మా అన్న చేతికి వచ్చింది.

అన్న చదువు ఐదో తరగతితో ఆగింది. అరవదేశంలోని ఒక వ్యవసాయ కళాశాలలో పై చదువుకు ప్రవేశ పరీక్ష పెడుతున్నారనీ, మద్రాసు వెళ్లి రాయాలనీ, అందులో కఠినమైన ఇంగ్లీషు మాటలకే ఒక పేపరు ఉంటుందనీ నేను చెప్పినప్పుడు ఆయన కర్రకు ఆముదం పట్టిస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“ఒక్కసారేరా అబ్బయ్యా, రాసేది. వచ్చిందా, పో. రాలేదా, ఈ కర్ర నువ్వు పట్టుకో, నేను పార పట్టుకుంటా. ఇద్దరం కలిసి తన్నులు తిందాం.”

ఆ ఒక్కసారి కోసం నేను డిక్షనరీ మీద పడ్డాను. మద్రాసులో పాత పుస్తకాల అంగట్లో కొన్నది. మొదటి రెండు అక్షరాలు చెదలు తినేశాయి, మూడో అక్షరం నుంచి మొదలయ్యేది. వారానికి వెయ్యి మాటలు నమిలి మింగేవాణ్ని అని నా మనవళ్లకు చెబుతుంటాను. నమిలిన మాట నిజం. మింగినవి తక్కువ. రాత్రి కూటి దగ్గర వదిన పరీక్ష పెట్టేది. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఒక మాటకు నిన్న చెప్పిన అర్థమూ ఇవాళ చెప్పే అర్థమూ ఒకటేనా కాదా అని పట్టుకునేది. రెండూ వేరైతే ఆ పూట మజ్జిగ పలచబడేది.

నేను మాటలు గుర్తు పెట్టుకున్న పద్ధతి కాలవ గట్టు నేర్పిన పద్ధతి. ప్రతి మాటనూ నేను చూసిన ఒక దెబ్బకు కట్టేసేవాణ్ని. కడ్జెల్ అంటే దుడ్డుకర్ర: మా నాయన భుజం మీద పడింది. గ్యాష్ అంటే లోతుగా తెగిన గాయం: పందెంకోడి కత్తి మా పక్కింటాయన మోచేతిని తెరిచినప్పుడు లోపల తెల్లగా కనపడింది. ఇంప్లేకబుల్ అంటే ఎంత బతిమాలినా కోపం చల్లారని వాడు: మా పైచేను ఆయన. ల్యాసరేట్ అంటే చీరేయడం: అది అప్పటికి నేను చూడలేదు, కాబట్టి సరిగ్గా అంటుకోలేదు.

ఇంకో సంగతి. మా అన్న దృష్టిలో గట్టిగా చదివితేనే చదువు. పొలంలో ఏ మూల ఉన్నా నా గొంతు ఆయనకు వినపడాలి. ఒకరోజు నేను పెదవులు కదపకుండా చదువుకుంటుంటే వెనక నుంచి వచ్చి ముల్లుకర్రతో పిక్క మీద ఒకటి వేశాడు.

“నోరు మూసుకోని చదివేది చదువా? నిద్రపోతుండావో చదవతుండావో నాకెట్ట తెలిసేది?”

“మనసులో చదవతుండానన్నా.”

“మనసులో చదివేది మనసులోనే రాస్తావా? మద్రాసోడికి కనపడబళ్లా?”

ముల్లు దిగిన చోట నెత్తురు గోచీ దాకా కారిందని చెబుతుంటాను. పిక్క మీద దిగిన ముల్లుకు నెత్తురు పైకి ఎట్లా కారిందని ఒకసారి నా మనవరాలు అడిగింది. మడమ దాకా కారింది. ఆనాటి నుంచి డప్పు కొట్టినట్టు చదివాను. ఒక్కో మాటనూ మూడుసార్లు అరవడం, తర్వాత తెలుగులో అర్థం అరవడం. కాకులు లేచిపోయేవి.

ఆ రోజు మా వంతు. నేను తూము దగ్గర ఉన్నాను. ఎడమ చేతిలో డిక్షనరీ, కుడి చేతిలో కర్ర. అన్న కింది మడిలోకి నీళ్లు తిప్పడానికి పోయాడు. నా పక్కనే మా పైచేను ఆయన మడి. అందులో ఆయన భార్య, ఇంకో కూలి మనిషి వంగి నాట్లు వేస్తున్నారు. నేను వాళ్లను చూడను కూడా లేదు. వేలు పేజీ మీద ఉంది. ఆ మాటకు అర్థం ఉన్నట్టుండి మీదికి దూకడం. కత్తితోనో కర్రతోనో ముందుకు ఉరికి పొడవడం.

ఆ మాటను దొరలు చివర అచ్చు లేకుండా తుంచి పలుకుతారట. మన నోటికి అది రాదు. బ్రిడ్జి అంటాం, లాడ్జి అంటాం, పేజీ అంటాం, కాలేజీ అంటాం. జ దగ్గర ఆగిన ఇంగ్లీషు మాట ఏదైనా సరే, దాని నెత్తిన ఒక గుడి పెట్టి గానీ వదలం. నేనూ పెట్టాను. పెట్టి, గట్టు మీద నిలబడి, అన్నకు వినపడేట్టు మూడుసార్లు అరిచాను.

“లంజి. లంజి. లంజి.”

పైచేను ఆయన భార్య నడుము ఎత్తింది. చేతిలో నారు పిడికెడు అట్లాగే ఉంది.

“ఎవుర్నిరా అంటుండావు?”

“నిన్ను గాదక్కా. ఇది ఇంగ్లీషు.”

“ఇంగ్లీషులో తిడితే నాకు తెలవదనుకుంటివా?”

“తిట్టు గాదక్కా, చదువు.”

పక్కనున్న కూలి మనిషి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “చదువంట మేయ్. ఈ చదువు మా ఇంట్లో మొగుడు తాగొచ్చిన రోజల్లా చదవతాడు. వానికీ ఇయ్యాల్సిందే బి.ఎస్సీ.”

మొదటి బురదముద్ద డిక్షనరీ మీద పడింది. రెండోది నా నోట్లో పడింది. బురద ఉమ్ముతూనే నేను అర్థం చెబుతున్నాను. చదువుకున్నవాడికి ఉండే జబ్బు అది, అర్థం చెబితే గొడవ ఆగుతుందనుకోవడం. అంతలో చేనుకు అవతలి చివర నుంచి ఆమె మొగుడు పార భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏమన్నాడు?”

“మూడుసార్లన్నాడు. ఇప్పుడు దానికి అర్థం గూడా చెప్తుండాడు.”

ఆయన కళ్లు నా చేతిలో కర్ర మీద ఉన్నాయి. నీళ్ల మీద మా రెండిళ్లకూ ఉన్న పగ మా నాయన భుజం కాలం నుంచి ఉన్నదే. ఈ మాట దానికి నిప్పు అంటించిందంతే. ఇక్కడ నేను ఎప్పుడూ ఏం చెబుతానంటే, కర్ర పక్కన పడేసి చేతులు జోడించి, అన్నా, పొరపాటు అన్నానని చెబుతాను. జరిగింది వేరు. ఇంత చిన్న సంగతి వీళ్ల బుర్రకు ఎక్కడం లేదే అని నాకు ఒళ్లు మండింది.

“నోటితో చెప్తే నీకు అర్థం గాదన్నా. చూపిస్తా చూడు. లంజి అంటే ఇదీ,” అని కర్ర ముందుకు చాచి ఆయన మీదికి ఒక్క దూకు దూకాను.

అర్థం ఆయనకు సరిగ్గా అందింది. పార లేచింది.

పులిలా పక్కకు తప్పుకున్నానని చెప్పుకుంటాను. జారిపడ్డాను. గట్టు మీద బురద నన్ను కాపాడింది, నా చదువు కాదు. నేను కింద పడడం, మా అన్న మడిలో నుంచి ఉరికి వచ్చి నాకూ పారకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టడం ఒకేసారి జరిగాయి. పార అంచు ఆయన కుడి చెయ్యి మీద పడింది. కత్తిపీట మీద గుమ్మడికాయ తెగినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ చర్మం పట్టుకుని వేలాడాయి. ల్యాసరేట్ అనే మాటకు అర్థం అప్పుడు చూశాను.

మా అన్న ఎడమ చేత్తో పైచేను ఆయన జుట్టు పట్టుకుని తలను తూము రాతికేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆయన కాలు తన్నుకుంటూ నా మొహం మీదికి వచ్చింది. నేను ఆ రోజు ఆయన పక్కటెముకలు విరగ్గొట్టానని మా ఊళ్లో ఇప్పటికీ ఒకరిద్దరు నమ్ముతారు. నేను ఆయన పిక్క కొరికాను. బురద, వెంట్రుకలు, ఉప్పు. ఆడవాళ్లిద్దరూ మా అన్నను వెనక్కి లాగేటప్పటికి పైచేను ఆయన కళ్లు పైకి తిరిగి ఉన్నాయి. కాలవలో మా వంతు నీళ్లు ఎర్రగా మా మడిలోకే పోతున్నాయి.

నెల్లూరు ఆసుపత్రికి బండి కట్టాం. అన్న చెయ్యి వదిన చీర కొంగులో ఉంది. కొంగు నుంచి బండి గడ్డి మీదికి కారుతోంది. కొంత దూరం పోయాక ఆయన నన్ను పిలిచాడు.

“రేయ్. ఇంతకీ ఆ మాటకి అర్థమేంది?”

“ఉన్నట్టుండి మీదికి దూకడం అన్నా.”

కొంగులో ఉన్న చేతిని రెండో చేత్తో కాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

“ఆ పని మనకి ఇంగ్లీషోడు నేర్పాల్నా?” అన్నాడు.

డాక్టరు వేళ్లు కుట్టి నిలబెట్టాడు. ఉంటాయి కానీ ముడుచుకోవు అన్నాడు. అంటే పార పట్టడం, నాగలి పట్టడం, కర్ర పట్టడం ఆ చేత్తో ఇక లేవు. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చిన రోజునే మనుబోలు నుంచి మా మేనమామ వచ్చాడు, రెండు బండ్లలో మనుషులతో. బండ్లలో గడ్డి కింద కర్రలు, ఈటెలు. అమ్మ వైపు పెత్తనమంతా ఆయనది. పిలక దగ్గర నుంచి పాదం దాకా గట్టి మనిషి. నవ్వినా ఎదుటివాడు ఒక అడుగు వెనక్కి వేసేవాడు.

మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. గొడవ ఎవడి నోటి నుంచి పుట్టిందో మొదటి దెబ్బ వాడే కొట్టాలి. వాడు కొట్టాక మిగిలినవాళ్లు ఎంతమంది చెయ్యెత్తినా అది న్యాయం. వాడు లేకుండా చెయ్యెత్తితే రౌడీతనం. పైచేను ఆయన తలకు కట్టుతో రేపు పొద్దున్నే మడికి వస్తాడని కబురు తెలిసింది. అక్కడే కాళ్లు తీసేయాలని మా మామ తేల్చాడు. రేపు పొద్దున బస్సెక్కితేనే నేను ఎల్లుండి మద్రాసులో పరీక్ష రాయగలను.

“మాట నీది, దెబ్బ మీ అన్నది,” అన్నాడు మామ. “మొదట నువ్వు కొట్టాల. తర్వాత మేం చూసుకుంటాం.”

“మామా, పరీక్షుంది.”

“పరీచ్చ వచ్చే ఏడు గూడా పెడతారు. మీ అన్నకి వేళ్లు వచ్చే ఏడు మొలస్తాయా?”

బండ్లలో వచ్చినవాళ్లు నవ్వారు. ఒకడు, “వాణ్ని వదిలెయ్ మామా, పొయ్యి ఇంగ్లీషులో కొట్టొస్తాడు,” అన్నాడు. నాకు వచ్చే ఏడు లేదని వాళ్లకు తెలియదు. రాసేది ఒక్కసారే అని అన్న ముందే చెప్పాడు. పైగా ఇప్పుడు ఆ చేత్తో ఆయన తూము దగ్గర నిలబడలేడు. సీటు రాకపోతే కర్ర నాది. సీటు వచ్చినా నేను పోతే కర్ర ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. అన్న మంచం దగ్గరికి పోయి, “ఏం చేసేదన్నా?” అని అడిగాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

తెల్లవారుతుంటే దొడ్డివైపు వాకిట్లో వదిన నా ట్రంకుపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. పైన సద్దిమూట.

“మీ అన్నకి ఒక చెయ్యి పోయింది. నీకు రెండూ పోతే ఈ ఇంట్లో ఆయనకి కూడు కలిపి పెట్టేది నేను, నీకు కలిపి పెట్టేదీ నేనేనా? పో అబ్బయ్యా.”

“అన్న ఏమన్నా అన్న్యాడా?”

“పెట్టె సర్దమన్న్యాడు. మొహం చూపించమనలా.”

పొలాలకు అడ్డం పడి వెంకటాచలం రోడ్డు ఎక్కాను. బస్సు వచ్చి ఆగింది. అదే సమయానికి మా మామ సైకిలు మీద వచ్చాడు. సైకిలు రోడ్డు మీదే పడేసి, మెట్టు మీద కాలు పెట్టిన నన్ను కాలరు పట్టుకుని కిందికి లాగాడు.

“యాడికిరా?”

“పరీక్షకి మామా.”

“ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బ కొట్టి పో. అంతదాకా బస్సు నేను ఆపి పెడతా.”

“కొట్టను మామా.”

చెంప మీద కొట్టాడు. కింది పెదవి పంటికి తగిలి చీలింది. మళ్లీ కొట్టాడు. బస్సులో జనం కిటికీల్లోకి వచ్చారు. కాలరు వదలడం లేదు, పట్టు బిగుస్తోంది, డ్రైవరు ఇంజను గుర్రుమనిపిస్తున్నాడు. నా చేతిలో ట్రంకుపెట్టె ఉంది. దాని మూలకు రేకు తొడుగు ఉంది. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆయన ముక్కు మీద దించాను. మొదటి దెబ్బ నేనే కొట్టాను, పద్ధతి ప్రకారమే. కొట్టించుకునే మనిషి మారాడంతే.

ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో నుంచి నెత్తురు తెల్ల చొక్కా మీదికి దిగుతోంది. పెద్దవాణ్ని, అమ్మ తమ్ముణ్ని కొట్టాను. ఇంకోటి వేద్దామనిపించింది కూడా. కండక్టరు, “ఎక్కేదుంటే ఎక్కు, కొట్టేదుంటే కొట్టు, రెండూ అంటే కుదరదు,” అన్నాడు. ఎక్కాను.

మద్రాసులో పరీక్ష హాల్లో నా పెదవి నిమ్మకాయంత వాచి ఉంది. ఆ రాష్ట్రం మొత్తం మీద మొదటివాణ్నయ్యానని మా ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. కింది నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే చోట ఉన్నాను. మొదటి జాబితాలో లేను. రెండో జాబితా వేశారు.

పరీక్ష రాసి తిరిగి వచ్చేటప్పుడు ఊరి పొలిమేర దగ్గరే ఆగి చెవులు రిక్కించాను. ఎన్ని తలలు పగిలి ఉంటాయో, ఎవరి ఇంటి ముందు శవం ఉంటుందో అని. అన్న కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఎవురూ కొట్లాటకి పోలే,” అన్నాడు నేను అడగకముందే. “కొట్టాల్సినోడు కొట్టేసి బస్సెక్కినాడు, ఇంక మేం ఎవురి తరపున కొట్టాల అన్న్యారు. మామ ముక్కు గుడ్డతో పట్టుకోని బండెక్కినాడు. రాసినావా?”

“రాసినా.”

“రాకపోతే మామ నిన్ను చంపుతాడు. వచ్చినా చంపుతాడనుకో.”

తర్వాత చాలా ఏళ్లు, ఊళ్లో పెద్దమనిషిగా నన్ను తగాదాలకు పిలిచినప్పుడల్లా ఈ కథ చెప్పేవాణ్ని. ఊరు నెత్తుటి మడుగు కాకుండా ఆపడానికి సొంత మేనమామ ముక్కు పగలగొట్టానని. వినేవాళ్లు తల ఊపేవాళ్లు. నాకు ఆ క్షణంలో ఊరు గుర్తు లేదు. పైచేను ఆయన కాళ్లు గుర్తు లేవు. అన్న వేళ్లు కూడా గుర్తు లేవు. బస్సు కదిలిపోతుందన్నది ఒక్కటే.

సీటు వచ్చిందని తెలిసిన రోజు అన్న కర్ర తీసి ఎడమ చేత్తో గాలిలో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. సరిగ్గా తిరగలేదు. మళ్లీ తిప్పాడు.

కళాశాలలో చేరడానికి బయలుదేరిన రోజు బస్సు మనుబోలులో ఆగింది. కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నాను. మా మామ ఎక్కాడు. ముక్కు మధ్యలో వంకర తిరిగి ఉంది, ఊపిరి తీస్తే చిన్న ఈల వినపడుతోంది. జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, అరచెయ్యి చాచి, ఎడమ చెంప మీద ఒక్కటి వేశాడు. తల కిటికీ ఊచకు కొట్టుకుంది.

కండక్టరు పరుగెత్తుకొచ్చాడు. “ఎందుకు కొడతుండావన్నా పిల్లోణ్ని?”

“మా అక్క కొడుకు,” అన్నాడు మామ, బస్సులో అందరికీ వినపడేట్టు. “పెద్ద చదువుకి పోతుండాడు. సీటొచ్చింది.” అని దిగిపోయాడు.

ఎడమ చెవి మద్రాసు దాకా మోగుతూనే ఉందని చెబుతుంటాను. గూడూరు దాకానే.